ఆఖరి వరుసలో ఖాళీ గడి

మ్యాపుల పనికోసం జీడాల్ అనే లైబ్రరీని కోండాతో (ప్యాకేజీలు వేసిపెట్టే సాధనం) వేసుకుని నెల కూడా కాలేదు. ఒక ఉదయం పైథాన్‌లో ఇంపోర్ట్ చేస్తే లిబ్‌పాప్లర్ ఫైలు (పీడీఎఫ్‌లు చదివే పాప్లర్ లైబ్రరీది) దొరకలేదని మొండికేసింది. తీసేసి మళ్లీ వేశాను, మూడుసార్లు. అదే పాట.

చివరికి, వేసిన ప్యాకేజీలన్నీ చూపే కోండా లిస్ట్ కమాండ్ ఇచ్చి, ఎప్పుడూ పట్టించుకోని ఆఖరి నిలువు వరుస చూశాను. ఏ ప్యాకేజీ ఏ ఛానెల్ నుంచి, అంటే ఏ ప్యాకేజీల భండారం నుంచి వచ్చిందో అది చెబుతుంది. జీడాల్ ఎదురుగా కోండా-ఫోర్జ్ అని ఉంది. పాప్లర్ ఎదురుగా ఖాళీ! అంటే అది డిఫాల్ట్ ఛానెల్ నుంచి వచ్చి చేరింది. తప్పు నాదే, మధ్యలో ఏదో ప్యాకేజీని ఛానెల్ పేరు చెప్పకుండా వేశాను.

కోండా-ఫోర్జ్‌లో ఒక్కో ప్యాకేజీకి ఫీడ్‌స్టాక్ అనే సొంత రిపాజిటరీ ఉంటుంది, దాన్ని వాలంటీర్లు చూసుకుంటారు. పాప్లర్ లాంటి లైబ్రరీ మారితే, దాని మీద ఆధారపడ్డవాటిని కొత్త వెర్షన్‌తో మళ్లీ కంపైల్ చేయమని ఒక బాట్ ఫీడ్‌స్టాక్‌లను వరసగా తట్టి లేపుతుంది. (ఆ ఓపిక నాకుంటే ఎంత బాగుండును!) అందుకే అక్కడి ముక్కలు ఒకదానికొకటి అతుకుతాయి. బయటిది దూరిస్తే అతుకు ఊడుతుంది.

పాత ఎన్విరాన్‌మెంట్‌కు (ఈ ప్యాకేజీలన్నీ కలిసి ఉన్న అరకు) మాట్లు వేయడం మానేశాను. ఛానెల్ ప్రయారిటీని స్ట్రిక్ట్ చేసి (పై ఛానెల్‌లో ఉన్న ప్యాకేజీని కింది ఛానెల్ నుంచి తీసుకోకుండా), జాబితాలో కోండా-ఫోర్జ్ ఒక్కటే ఉంచి, కొత్తది కట్టాను. ఇప్పుడు ఆఖరి వరుసలో పైనుంచి కిందిదాకా ఒకటే పేరు.