తెర వెలగకపోతే ముందు ర్యామ్ తుడవండి

నేనూ మావారూ కలిసి ఆడుకోవడానికి కూర్చుకున్న గేమింగ్ కంప్యూటర్ అది. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం వెలగదు. విశాఖలో మా ఇంటికి సముద్రపు గాలి నేరుగా తగులుతుంది. విప్పి చూస్తే ర్యామ్ (కంప్యూటర్ లోపలి మెమరీ పట్టీ) కింది బంగారు రంగు అంచు మసకబారి ఉంది. కొత్తది కొనబోయి ఆగాం.

ప్లగ్ తీసేసి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి, ర్యామ్ బయటికి తీయండి. పెన్సిల్ గీతలు చెరిపే మెత్తని తెల్ల రబ్బరుతో ఆ అంచును రెండు వైపులా పదేసి సార్లు నెమ్మదిగా రుద్దండి. రబ్బరు పొట్టు ఒక్కటి కూడా మిగలకూడదు, పొడి నూలుగుడ్డతో తుడిచేయండి. ర్యామ్‌ను మళ్లీ దాని గాడిలో పెట్టి, టక్కుమనే దాకా నొక్కి బిగించండి. మాకు పావుగంట పట్టింది, ఆ రాత్రే ఆడుకున్నాం.

అంచుకు పచ్చని చిలుము పట్టేస్తే మాత్రం ఇది పనిచేయదు. గరుకు కాగితం అసలు వాడకండి, పూత లేచిపోతుంది.