సాబీ సాండ్ లాడ్జికి బయల్దేరే ముందు

దక్షిణాఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్కుకు పడమటి అంచున ఆనుకుని ఉన్న ప్రైవేటు అడవి సాబీ సాండ్. లొండొలోజి, మాలామాలా, సింగీటా, సాబీ సాబీ లాంటి పేరున్న లాడ్జిలు ఇక్కడే ఉన్నాయి. చిరుతపులిని ఇంత దగ్గరగా చూడగలిగే చోట్లు ప్రపంచంలో తక్కువ. మనిషికి రాత్రికి లక్ష రూపాయలు దాటే అద్దెలు, గది ముందు సొంత ఈతకొలను, అడిగిందల్లా తెచ్చిపెట్టే మనుషులు. ఇవన్నీ చూశాక ఏదో ఫైవ్‌స్టార్ రిసార్టుకు వచ్చామన్న ధీమా వచ్చేస్తుంది. అసలు చిక్కు ఆ ధీమాతోనే. క్రూగర్‌కీ సాబీ సాండ్‌కీ మధ్య కంచెను 1993లోనే తీసేశారు. చాలా లాడ్జిలకు చుట్టూ కంచె ఉండదు. కొన్నిచోట్ల ఏనుగుల్ని ఆపడానికి కరెంటు తీగ కడతారు గానీ దాని కింద నుంచి చిరుత సులువుగా దూరి వస్తుంది. జీపులో ఉన్నంతసేపూ అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. ఏమరుపాటు వచ్చేది గదికీ భోజనాల బల్లకీ మధ్య ఆ నాలుగడుగుల దారిలో.

చీకటి పడ్డాక గార్డు లేకుండా గడప దాటొద్దు. గదిలోంచి ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్తాడు. ‘ఛార్జర్ మర్చిపోయాను, ఇప్పుడే వచ్చేస్తా’ అని ఒంటరిగా వెనక్కి పరుగెత్తేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు, వాళ్లెవరో మీకు ముందే తెలుసు కాబట్టి ఓ కన్నేసి ఉంచండి. గార్డు నడుస్తూ టార్చిని దారి మీద వేయడు, రెండు పక్కల పొదల మీద తిప్పుతుంటాడు. అక్కడేదైనా జంతువు ఉంటే వెలుగుకు కళ్లు మెరుస్తాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారిగా ఆగి చెయ్యెత్తాడంటే, మీరూ ఉన్నచోటే ఆగిపోవాలి. ఏం కనిపించినా పరుగు మాత్రం తీయకూడదు. పరుగెత్తేదాన్ని తరమడం సింహానికీ చిరుతకీ పుట్టుకతో వచ్చిన గుణం. నది పక్క లాడ్జి అయితే రాత్రిళ్లు నీటిగుర్రాలు గడ్డి మేయడానికి ఒడ్డెక్కుతాయి. దానికీ నీళ్లకీ మధ్యలో మనిషి నిలబడితే దారి అడ్డుకున్నట్టే లెక్క, మీదికి వచ్చేస్తుంది.

పగలైతే భయం లేదనుకోవద్దు. గది ముందు కొలనులో నీళ్లు తాగడానికి ఏనుగులు వస్తుంటాయి. కనబడగానే ఫోన్ తీయకుండా, చప్పుడు చేయకుండా గదిలోకి వెళ్లి అద్దాల తలుపు వెనక నుంచి చూడండి. పిల్లల్ని కొలను దగ్గర ఒంటరిగా వదలొద్దు. చాలా లాడ్జిలు ఆరేళ్ల లోపు పిల్లల్ని సఫారీ జీపు ఎక్కించుకోవు, బుక్ చేసేముందే ఆ సంగతి అడగాలి. లేకపోతే తల్లో తండ్రో వంతులవారీగా గదిలో ఉండిపోవాల్సి వస్తుంది.

కోతుల సంగతి తిరుపతి వెళ్లొచ్చిన వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడి బబూన్‌లు ఇంకో ఆకు ఎక్కువ చదివాయి. పక్కకు జరిపే తలుపును అవే తీసుకుని లోపలికొస్తాయి. గొళ్లెం పెట్టాలి, జంతికలు, స్వీట్లు, పండ్లు బయట పెట్టకూడదు. జాలిపడి తినడానికి ఏమీ ఇవ్వకండి. మనుషుల తిండికి మరిగి మీద పడే బబూన్‌ను చివరికి కాల్చేయాల్సి వస్తుంది. భోజనం విషయానికొస్తే, శాకాహారులమని బుకింగ్‌లోనే రాయండి, గుడ్డు, చేప కూడా తినమని విడిగా చెప్పండి.

ఇక దోమలు. ఆ ప్రాంతంలో మలేరియా కాలం సెప్టెంబరు నుంచి మే వరకు. మన వేసవి సెలవులు, దసరా, క్రిస్మస్, సంక్రాంతి అన్నీ అందులోనే పడతాయి. వీలైతే జూన్ నుంచి ఆగస్టు మధ్య వెళ్లండి. అది అక్కడి చలికాలం, వానలుండవు, గడ్డి ఎండి పలచబడుతుంది, జంతువులు నీటి గుంటల దగ్గరికి చేరతాయి. కాకపోతే తెల్లవారుజామున పైకప్పు లేని జీపులో గాలి ఎముకలు కొరుకుతుంది. రగ్గులు ఇస్తారు గానీ జాకెట్, చెవులు కప్పే టోపీ మనవే ఉండాలి. సెలవుల్లోనే వెళ్లక తప్పదంటే మలేరియా మాత్రల గురించి డాక్టర్‌ను ముందే కలవండి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక మరో 7 రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక 4 వారాలు, అది చిన్నపిల్లలకూ గర్భిణులకూ పనికిరాదు. అసలు గర్భిణులు ఈ ప్రయాణం వాయిదా వేసుకోవడమే మంచిది. మలేరియా దోమ కుట్టేది సాయంత్రం నుంచి తెల్లారేదాకా, సరిగ్గా సఫారీ వేళల్లో. నిండు చేతుల చొక్కా, మేజోళ్లు, దోమల మందు తప్పనిసరి.

టికెట్ చౌకగా దొరికిందని అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో బుక్ చేసుకుంటే ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ సంగతి చూసుకోండి. అక్కడ 12 గంటలకు మించి ఆగినా, విమానాశ్రయం బయటికి వచ్చినా దక్షిణాఫ్రికా దాన్ని అడుగుతుంది. వచ్చేటప్పుడు మన దేశం ఇంకా కచ్చితంగా ఉంటుంది, సర్టిఫికెట్ లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది కాబట్టి ఆఖరి నిమిషంలో టెన్షన్ పడి లాభం లేదు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా వేస్తారు.

జొహనెస్‌బర్గ్ నుంచి చిన్న విమానంలో వెళ్తే మనిషికి 20 కిలోలు, అదీ మెత్తటి బ్యాగులోనే అన్న నియమం మామూలు. గట్టి సూట్‌కేసులు ఎక్కించుకోరు. కారులో అయితే ఆరు గంటలు పెట్టుకోండి, పొద్దు వాలకముందే గేటు చేరాలి. మ్యాప్ క్రూగర్ పార్కు గేట్లలో ఒకటైన నుంబి గేటు మీదుగా దారి చూపిస్తే మార్చుకోండి. 2022 అక్టోబరులో ఆ గేటుకు వెళ్లే రోడ్డు మీదే ఒక జర్మన్ పర్యాటకుణ్ణి దుండగులు కాల్చి చంపారు. ఛార్జర్లకు ఒక చిట్కా: అక్కడి గోడ సాకెట్‌లో మన గీజర్‌కు వాడే లావు మూడు పిన్నుల ప్లగ్గు సరిపోతుంది.

జీపులో రేంజర్ మాటే చట్టం. జంతువులకు జీపూ మనుషులూ కలిసి ఒకే ఆకారంగా కనిపిస్తాయట, మధ్యలో ఒకరు లేచి నిలబడితే ఆ ఆకారం చెదురుతుంది. ముందు బానెట్ మీది సీట్లో కూర్చుని జంతువుల జాడ పట్టే ట్రాకర్ కూడా సింహాల దగ్గరికి చేరేసరికి వెనక్కి వచ్చి కూర్చుంటాడు. అంత అనుభవం ఉన్నవాడే దిగి మారుతున్నాడంటే ఆలోచించండి. టోపీ ఎగిరిపోతే చెప్పండి, మీరు దిగొద్దు. అమ్మమ్మకు వీడియో కాల్‌లో సింహాన్ని చూపించే సరదా లాడ్జికి వచ్చాక వీడియోతో తీర్చుకోవచ్చు. 2024 మార్చిలో జాంబియాలోని కఫువే పార్కులో ఏనుగు సఫారీ బండినే తిరగేసింది, ఒక అమెరికన్ వృద్ధురాలు చనిపోయారు. ఇలాంటివి అరుదే, కానీ ఏనుగు చెవులు విప్పి తల ఊపుతున్నప్పుడు ‘ఇంకొంచెం దగ్గరికి పోనీయండి’ అని రేంజర్‌ను తొందరపెట్టేవాళ్లు మాత్రం అరుదు కాదు. ఖడ్గమృగం ఫోటో పెడితే ఎక్కడ తీశారో రాయకండి, ఫోన్‌లో లొకేషన్ ఆపేయండి. వేటగాళ్లకు అదే ఆచూకీ.

లాడ్జికి చేరగానే, ‘ప్రమాదం జరిగితే మాకు బాధ్యత లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. చదివి పెట్టండి. విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా వెళ్లొద్దు.

తిరిగొచ్చాక, మాత్రలు వాడినా సరే, మూడు నెలల్లోపు జ్వరం వస్తే వైరల్ అనుకుని పారాసిటమాల్‌తో సరిపెట్టకండి. ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టర్‌కు మీరే ముందు చెప్పి, ఆ రోజే మలేరియా పరీక్ష చేయించుకోండి. ఒంటి మీద ఎక్కడైనా నల్లటి చెక్కు కట్టిన పుండు ఉంటే అదీ చూపించండి, గడ్డిలో నడిచినప్పుడు పిడుదు కుట్టి వచ్చే జ్వరం కావచ్చు. మలేరియా పరీక్ష మొదటిసారి నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయమని అడగండి.