ఫోన్ పిల్లాడికి ఇచ్చే ముందు యాప్‌ను పిన్ చేయండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన ఇళ్లలో పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు నేర్చుకుంటారు, అమ్మమ్మకేమో తెలుగొక్కటే వచ్చు. పిల్లాడు పాట చూస్తూ చూస్తూ డబ్బులు పంపే యాప్‌లోకి దూరినా ఆవిడకి తెలీదు. యాప్‌ను పిన్ చేస్తే, ఆ పిన్ తీసేదాకా తెర మీద ఆ ఒక్క యాపే ఉంటుంది, ఇంకో దాంట్లోకి వెళ్లడం కుదరదు.

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో పైన వెతికే గడిలో ఇంగ్లీషులో ‘పిన్’ అని కొట్టండి. ‘యాప్ పిన్నింగ్’, ‘స్క్రీన్ పిన్నింగ్’ లాంటి పేరు కనిపిస్తుంది. ఆన్ చేయండి. లోపలే, పిన్ తీసేటప్పుడు లాక్ నంబర్ అడిగే మీట ఇంకొకటి ఉంటుంది. అందరూ వదిలేసేది దీన్నే. అది ఆఫ్‌లో ఉంటే చాలా ఫోన్లలో తెర కింది నుంచి పైకి జరిపి కాసేపు నొక్కిపట్టగానే పిన్ ఊడిపోతుంది. నాలుగేళ్ల పిల్లలకి కూడా అది రెండు రోజుల్లో పట్టుబడుతుంది.

తర్వాత వీడియో యాప్ తెరిచి, ఈమధ్య వాడిన యాప్‌ల వరసలోకి వెళ్లి, దాని బొమ్మ మీద నొక్కి ‘పిన్’ ఎంచుకోండి.

యాప్ లోపల ఏ వీడియో వస్తుందో పిన్ ఆపలేదు. చిన్నపిల్లలకైతే యూట్యూబ్ కిడ్స్‌నే పిన్ చేయండి. లాక్ నంబరు మాత్రం వాడి పుట్టిన సంవత్సరం పెట్టకండి, మొదట కొట్టి చూసేది అదే.