వ్యాసం నిండుగా ఉంది, వాదన ఏదీ?

డిగ్రీ విద్యార్థులు రాసిన వాద వ్యాసాలు దిద్దుతున్నప్పుడు నా ఎర్ర పెన్ను ఎక్కువగా ఆగే చోట్లు ఇవి. ఉదాహరణలన్నీ ఒకే అంశం నుంచి ఇస్తాను: "ప్రాథమిక తరగతుల్లో బోధన తెలుగులోనే జరగాలా?" రెండు వైపులా గట్టి మాటలున్న అంశం కాబట్టి తప్పులు ఇందులో బాగా బయటపడతాయి.

నాలుగు పేజీలు చదివినా ఏ పక్షమో తెలియదు

మొదటి పేరా "మాతృభాష తల్లిపాల వంటిది" అని మొదలవుతుంది. తర్వాత తెలుగు మీడియం లాభాలు, ఆ తర్వాత ఇంగ్లీషు మీడియం లాభాలు. చివరికి "రెండూ అవసరమే".

కారణం: బడిలో అలవాటైన చట్రం. ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముగింపు. విషయం తెలుసని చూపించడానికి అది చాలు, ఎదుటి మనిషిని ఒప్పించడానికి చాలదు. ఈ తేడా ఎవరూ చెప్పకపోతే పిల్లలకు ఎలా తెలుస్తుంది?

పరిష్కారం: వ్యాసం మొదలుపెట్టే ముందు రఫ్ కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. అందులో "ఎందుకంటే" ఉండి తీరాలి. "ఐదో తరగతి దాకా లెక్కలు తెలుగులోనే చెప్పాలి, ఎందుకంటే ప్రశ్న అర్థం కాని పిల్లవాడు లెక్క వచ్చినా తప్పు చేస్తాడు." దాన్ని పక్కనున్న స్నేహితుడికి వినిపించండి. అతను "కాదు, నేనొప్పుకోను" అనగలిగితే మీకు వాదన దొరికినట్టే. "మాతృభాషను గౌరవించాలి" అంటే ఎవరూ కాదనరు, అందుకే దాని మీద నాలుగు పేజీలు నడవవు.

ఆధారం ఒకటి చెబితే వ్యాసం ఇంకొకటి చెబుతుంది

అన్నిటికన్నా నాకు బాధ కలిగించే తప్పు ఇదే, ఎందుకంటే కష్టపడి చదివే పిల్లలే ఇది చేస్తారు. "రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రతి బిడ్డకూ మాతృభాషలో చదువుకునే హక్కు ఇచ్చింది" అని రాస్తారు. ఒకసారి ఆ అధికరణం తీసి చూడండి. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని అందులో ఉంది. చెన్నైలోని తెలుగు పిల్లవాడికి అది వర్తిస్తుంది, గుంటూరులోని తెలుగు పిల్లవాడికి వర్తించదు. ఈ వాదనకు దగ్గరగా వచ్చేది 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్. అదైనా ఆచరణలో సాధ్యమైనంత మేరకు బోధన మాతృభాషలో ఉండాలంటుంది. ఆ "సాధ్యమైనంత మేరకు" వదిలేసి రాస్తే మళ్లీ మొదటికే వచ్చినట్టు.

కారణం: గైడులో ఎవరో రాసినదాన్ని ఎత్తి రాయడం.

పరిష్కారం: మూలం తెరిచి మూడు చూడండి: ఎవరి గురించి, ఎంతవరకు, ఏ షరతుతో. తర్వాత ఆధారం కిందే "దీన్నిబట్టి" అని మొదలుపెట్టి ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం ఎంతకీ కుదరకపోతే ఆధారాన్ని కొట్టేయండి.

ఎదుటి పక్షంలో అందరూ అమాయకులే

"ఇంగ్లీషు మోజులో పడి తల్లిదండ్రులు పిల్లల భవిష్యత్తు పాడుచేస్తున్నారు." ఒక్క వాక్యంతో అవతలి పక్షం అయిపోయింది.

కారణం భయం. అవతలివాళ్ల మంచి మాట రాస్తే మన మాట తేలిపోతుందనుకుంటారు. కానీ మీరు రాయకపోయినా చదివేవాళ్లకు అది తట్టకమానదు. జవాబు లేదని కూడా అప్పుడే తెలిసిపోతుంది.

పరిష్కారం: అవతలివాళ్లే చదివి "అవును, మేమనేది ఇదే" అనేలా రాయండి. కూలికి వెళ్లే తల్లి "డబ్బున్నవాళ్ల పిల్లలు ఇంగ్లీషులో చదువుతుంటే మా అమ్మాయే తెలుగులో ఎందుకు చదవాలి?" అని అడిగితే అది మోజు కాదు, సమానత్వం ప్రశ్న. కోర్టు తీర్పులైనా అంతే. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం కోసం 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసిందని ఉత్సాహంగా రాస్తారు. ప్రాథమిక బోధన మాతృభాషలోనే ఉండాలని ప్రభుత్వం బలవంతం చేయకూడదని 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు అన్న సంగతి మాత్రం దాచేస్తారు. రెండూ పెట్టండి. ఆ తర్వాత జవాబివ్వండి: కూతురికి ఇంగ్లీషు బాగా రావాలన్న ఆ తల్లి కోరిక న్యాయమే. ఇంగ్లీషు నేర్పడం వేరు, ఇంగ్లీషులో లెక్కలు నేర్పడం వేరు. మొదటిది ఒప్పుకుని రెండోదాన్ని ప్రశ్నించినప్పుడు మీ వాదనకు బలం వస్తుంది.

భాష బిగుసుకుపోయింది

"ఆవశ్యకత ఎంతైనా కలదు", "అనుటలో అతిశయోక్తి లేదు". వ్యాసమంటే ఇలాగే ఉండాలన్న నమ్మకమే దీనికి కారణం. విద్యార్థులు ఎలాంటి తెలుగులో వ్యాసం రాయాలన్న దాని మీదే వందేళ్ల కిందట మద్రాసు విశ్వవిద్యాలయంలో పెద్ద వివాదం నడిచింది. 1914లో గురజాడ వాడుక భాష పక్షాన అసమ్మతి పత్రం రాశారు. ఆయన మీ తరఫునే పోట్లాడారు. రాసింది పైకి చదవండి, నోరు తిరగని చోట తిరగరాయండి.

పేరాలు తారుమారు చేసినా తేడా లేదు

అంటే అవి వాదనలో మెట్లు కావు, విడివిడి పాయింట్లు. ప్రతి పేరాకూ ముందు "అందువల్ల", "అయితే", "అంతకన్నా ముఖ్యంగా" పెట్టి చూడండి. ఏదీ అతకని పేరా చోటు మారాలి, లేదా పోవాలి.

ముగింపులో నినాదం

"తెలుగును కాపాడుకుందాం!" ఊపిరి అయిపోయినప్పుడు వచ్చే వాక్యమిది. మీ మాట ఒప్పుకుంటే రేపు బడిలో ఏం మారాలో రాయండి: ఇంగ్లీషు ఏ తరగతి నుంచి, రోజుకు ఎన్ని పీరియడ్లు, ఎవరు చెప్పాలి.