పెన్సిల్ కంటే ముందు పలుగూ పారా

విజయవాడ రోడ్ల పనుల్లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ ఎవరో ఒక కుర్ర ఇంజనీరు ల్యాప్‌టాప్‌లో ఏలూరు రోడ్డు మీద ఎర్ర గీత గీసుకొచ్చి "సార్, లైట్ రైల్ ఇలా పోతే ఎలా ఉంటుంది?" అంటాడు. లైట్ రైల్ అంటే రోడ్డు మీదే పట్టాలేసి నడిపే ట్రామ్ లాంటి బండి. "ఆ గీత వెంట ఒకసారి నడిచావా బాబూ?" అంటాను. చాలామంది నడిచి ఉండరు.

నడిచొచ్చాక లెక్క. బండ్లని కాదు, మనుషుల్ని లెక్కపెట్టండి. కారులో ఒక్కడు, షేర్ ఆటోలో ఎనిమిది మంది, సిటీ బస్సులో డెబ్బై మంది. ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 8. ఒక మామూలు రోజు, ఒక ఆదివారం, ఒక పెళ్లి ముహూర్తాల రోజు. బాగా రద్దీ ఉన్న గంటలో ఒకవైపు ఎంతమంది పోతున్నారో అదే మీకు కావలసిన అంకె. కేంద్రం 2019లో మెట్రోలైట్‌కి, అంటే ఇలాంటి లైట్ రైల్‌కే, ఇచ్చిన ప్రమాణాల్లో మూడు బోగీల బండికి 300 మంది. ఐదు నిమిషాలకొకటి నడిపితే గంటకి 3,600, మూడు నిమిషాలకైతే 6,000. మీకు తేలింది 1,500 అయితే పట్టాలు మర్చిపోయి మంచి బస్సులు అడగండి. అందులో నామోషీ ఏం లేదు.

రోడ్డు వెడల్పు రికార్డులో 80 అడుగులని ఉంటుంది. నమ్మొద్దు. షట్టర్లు తెరవకముందే వెళ్లి ప్రతి 50 మీటర్లకీ గోడ నుంచి గోడకి టేపు లాగండి. షాపుల మెట్లు, జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెలు అన్నీ రాసుకోండి. నిజంగానే 24 మీటర్లు దొరికిందనుకుందాం. రాకపోకల రెండు ట్రామ్ లైన్లకి 7, రెండు పక్కలా ఫుట్‌పాత్‌లకి 5 పోతే బండ్లకి మిగిలింది 12. స్టాపు దగ్గర ప్లాట్‌ఫాంలు ఎదురెదురుగా పెడితే ఇంకో 6 పోతాయి. ముందూ వెనకా జరిపి పెడితే 3తో సరిపెట్టొచ్చు. సగటు వెడల్పుతో పనిలేదు. ఎక్కడ బాగా ఇరుకో, అదే మీ రోడ్డు. ఇక మలుపు దగ్గర కనీసం 25 మీటర్ల వ్యాసార్థం చూసుకోండి. బస్సు తిరిగింది కదా అని ట్రామ్ తిరగదు.

అసలు కథ రోడ్డు కింద ఉంది. ఒకసారి డ్రైన్ పనికి వెళ్లాం. మాకిచ్చిన డ్రాయింగ్‌లో మంచినీళ్ల పైపు ఎడమ పక్కన, మూడడుగుల లోతున ఉంది. ఇచ్చిన ఆఫీసు పేరెందుకు లెండి. రోడ్డు మధ్యలో రెండడుగులకే జేసీబీ పన్ను ఠంగుమంది, నీళ్లు మనిషెత్తు లేచాయి. రెండు రోజులు నాలుగు వీధులకి ట్యాంకర్లే. సాయంత్రం ఆ వార్డులో పాతికేళ్లుగా చేస్తున్న ఫిట్టర్ వచ్చి, తాపీగా బీడీ వెలిగించి, "అది అక్కడే కదండీ ఉంది, నన్నెవరూ అడగలేదు" అన్నాడు. ఆ తర్వాత ఏ పనికైనా ముందు ఆయన్ని కలిశాకే డ్రాయింగ్ విప్పేవాణ్ణి.

కాబట్టి ట్రయల్ పిట్లు, అంటే కింద ఏముందో చూసుకోడానికి తవ్వే గుంతలు. ప్రతి జంక్షన్లో రెండు, మధ్యలో 100 మీటర్లకొకటి. చేత్తోనే తవ్వించండి, రోడ్డుకి అడ్డంగా. ఏం కనిపించినా ఫొటో తీసి లోతు, వ్యాసం, ఏ గోడకి ఎంత దూరమో రాయండి. స్కాట్లాండ్‌లోని ఎడింబరోలో ట్రామ్ వేసినప్పుడు కేబుళ్లు, పైపులు జరపడం దగ్గరే పని బాగా ఇరుక్కుంది. 2011లో నడవాల్సిన ట్రామ్ 2014 మేలో, అదీ పొడవు కుదించుకుని 14 కిలోమీటర్లతో మొదలైంది. ఖర్చు 77.6 కోట్ల పౌండ్లు. ఇంకో సంగతి: ట్రామ్‌కి సాధారణంగా 750 వోల్టుల డీసీ కరెంటు వాడతారు, అది పట్టాల మీదుగా వెనక్కి వెళ్తుంది. పట్టా కింద ఇన్సులేషన్ సరిగ్గా లేకపోతే కొంత భూమిలోకి జారి, పాత ఇనుప పైపుల్ని ఏళ్ల తరబడి తినేస్తుంది. దీని గురించి కన్సల్టెంట్‌ని మొదటి మీటింగులోనే అడగండి.

పైకి కూడా చూడండి. ట్రామ్‌కి కరెంటిచ్చే వైరు 18 అడుగుల ఎత్తున కట్టారనుకోండి. వినాయక నిమజ్జనానికి 15 అడుగుల బొమ్మ నాలుగడుగుల ట్రాక్టర్ ట్రాలీ మీద వస్తే, గొడుగు సంగతి పక్కనపెట్టినా, తగిలేస్తుంది! ఫ్రాన్స్‌లోని బోర్డోలో 2003 నుంచి ఊరి మధ్యలో వైరు లేకుండా, నేల మీది కరెంటిచ్చే మూడో పట్టాతో నడుపుతున్నారు. అంత ఖర్చు పెట్టలేకపోతే ఊరేగింపు దారి మార్చడమో, ఆ రోజు కరెంటు ఆపడమో పోలీసులతో, ఉత్సవ కమిటీలతో ముందే మాట్లాడుకోవాలి.

షాపులవాళ్లని మీటింగ్ హాలుకి పిలవకండి. అక్కడ అరుపులే. మీరే కొట్టుకి వెళ్లి, సరుకు లారీ ఎన్నింటికి వస్తుంది, ఎంతసేపు ఆగుతుందని అడిగి రాసుకోండి.

డిపో స్థలం మాత్రం మొదటి వారంలోనే వెతకండి. బళ్లు రాత్రి పడుకోవాలి కదా, నడిబొడ్డున అంత జాగా దొరకదు. గీత ఎటు ముగియాలో చాలాసార్లు డిపోనే తేలుస్తుంది. 2015లో ఢిల్లీ మెట్రో సంస్థ డీఎంఆర్‌సీ విజయవాడ మెట్రోకి ఇచ్చిన వివరమైన ప్రాజెక్టు రిపోర్టులో (డీపీఆర్) ఏలూరు రోడ్డు కారిడార్ బస్టాండ్ నుంచి నిడమానూరు దాకా గీశారు. నన్నడిగితే ట్రామ్ డిపోకి కూడా అటువైపే చూస్తాను.