రెండు కూపన్లు ఒకే బిల్లులో వాడాలంటే

హన్మకొండలో నెల సామాను కొనేటప్పుడు ఇదో చిరాకు. చేతిలో కంపెనీ కూపన్, షాపు కూపన్ రెండూ ఉంటాయి, కౌంటర్ దగ్గర మాత్రం ఏదో ఒకటే పడుతుంది.

ట్రాలీ నింపకముందే "అన్నా, రెండూ కలుస్తయా?" అని అడగండి. కలుస్తయంటే లెక్క చూసుకోండి. కంపెనీ కూపన్ ఆ ఒక్క వస్తువుకే, షాపుది మొత్తం బిల్లుకు. షాపుది 1,000 దాటితే 100 తగ్గింపు అనుకుందాం. బిల్లు 1,010 అయి, సర్ఫు ప్యాకెట్ కూపన్ 20 తీసేస్తే 990కి దిగుతుంది. చాలా షాపుల్లో ఇక ఆ వంద రాదు. ఎట్లాగూ కావాల్సిన 30 రూపాయల ఉప్పు ప్యాకెట్ కలిపితే 1,020 అవుతుంది, వంద పోను 920. ఉప్పు వచ్చింది, కట్టేది కూడా తగ్గింది.

ప్యాకెట్‌కు ఒక్క కూపనే. పక్క ప్యాకెట్ మీద అంటించింది పీకి తేవద్దు, అది కొనేవాళ్లది.

విడి బియ్యం, పప్పులకు కంపెనీ కూపన్లు ఉండవు. వాటితో బిల్లు పెంచుకునే ముందు వరంగల్ బీట్ బజార్ టోకు దుకాణాల్లో కిలో ధర కనుక్కోండి. అక్కడ తక్కువుంటే ఈ లెక్క దండగ.