గిటార్ పిక్ కుదరడం లేదా? కొత్తది కొనే ముందు చేతిలో ఉన్నదాని మొన చూడండి

"సర్, నేను ఏ పిక్ కొనాలి?" అని అడిగిన ప్రతివాళ్లనీ ముందు నేను అడిగేది ఒక్కటే: ఇప్పుడు వాడుతున్నది ఏదీ, చూపించండి. చాలామంది దాన్ని తీసుకురారు. గిటార్ తెస్తారు, కొత్త స్ట్రింగ్స్ వేయించుకుని వస్తారు, ఫోన్‌లో రికార్డు చేసి కూడా వినిపిస్తారు. పిక్ మాత్రం ఇంట్లో ఉండిపోతుంది. తీగని తాకేది అదొక్కటే కదండీ! విజయవాడలో గిటార్ నేర్పుతూ, చిన్నా చితకా రిపేర్లు చేస్తూ ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు చెప్పిన మాట ఇదే: ముందు పిక్‌ని లైటు కింద పెట్టి చూడండి, మిగతావన్నీ తర్వాత.

పిక్ పట్టుకోవడం, స్ట్రమ్ చేయడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

"స్ట్రమ్ చేస్తే మోటుగా వస్తోంది, సన్న స్ట్రింగ్ ఊరికే తెగుతోంది"

పిక్ లావు ఎక్కువైంది. పల్చటి పిక్ స్ట్రింగ్ మీద వంగి జారిపోతుంది, ఆరు స్ట్రింగ్స్ ఒకే ఊపులో మోగుతాయి. లావుపాటిది వంగదు. దాని బదులు మీ మణికట్టు, వేళ్లు వంగాలి. చేయి ఇంకా బిగుసుకునే ఉన్నవాళ్లకి అది కుదరదు, అందుకే ఒక్కో స్ట్రింగ్‌నీ విడివిడిగా బాదినట్టు వినిపిస్తుంది.

0.50 నుంచి 0.73 మి.మీ. మధ్యలోకి దిగండి. టార్టెక్స్ అనే ప్లాస్టిక్‌తో చేసే పిక్కుల్లో రంగు చూసి లావు చెప్పొచ్చు: ఎరుపు 0.50, నారింజ 0.60, పసుపు 0.73, ఆకుపచ్చ 0.88, నీలం 1.0, ఊదా 1.14. ఆదివారం చర్చిలో గంటసేపు ఆపకుండా స్ట్రమ్ చేసే తమ్ముళ్లకి నేను నారింజ రంగుదే ఇస్తాను. పాట మధ్యలో సోలో బిట్ కూడా ఉంటే పసుపు.

"లీడ్ వాయిస్తే చేయి ముందు వెళ్తోంది, సౌండ్ వెనకాల వస్తోంది"

ఇది దానికి తిరగబడ్డ సమస్య. పిక్ మరీ పల్చగా ఉంది. స్ట్రింగ్‌కి తగలగానే వంగుతుంది, వంగి మళ్లీ నిటారయ్యేలోపు మీరు తర్వాతి నోటు దగ్గరుంటారు. పైగా ప్రతి నోటుకీ ముందు ప్లాస్టిక్ 'టప్' మని వినిపిస్తుంది. 0.88తో మొదలుపెట్టి 1.0, 1.14 దాకా వెళ్లి చూడండి. వేగంగా ఒక్కో నోటూ మీటేవాళ్లలో చాలామంది జాజ్ త్రీ అనే మోడల్ పిక్‌కి అలవాటు పడతారు. అది 1.38 మి.మీ. లావు, సైజు చిన్నది, మొన సన్నం. దాన్ని కొన్న రోజే స్ట్రమ్మింగ్‌కి వాడి "బాగాలేదు" అనకండి, అది ఆ పనికి కాదు.

ఇక్కడ కూడా ఒక్క క్షణం ఆగి చూడాల్సింది ఉంది. పిక్ మొన వేళ్ల బయట ఎంత ఉంది? లీడ్‌కి మూడు నాలుగు మి.మీ. చాలు. సగం పిక్ బయటికి వదిలేస్తే ఎంత లావుదైనా వేళ్ల మధ్య ఊగుతుంది, ఆ ఊపుని మీరు వంగడం అనుకుంటారు. లోపలికి జరిపి పట్టుకుని అదే బిట్ మళ్లీ వాయించండి. చాలాసార్లు కొనాల్సిన పనే ఉండదు.

లావు అంకెల్ని కొలమానంగా వాడుకోండి, శాసనంగా కాదు. క్వీన్ బ్యాండ్‌లో బ్రయన్ మే పాత ఇంగ్లాండు ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తాడు. నాణెం ఎక్కడా వంగదు, వంగే పనంతా వేళ్లదే.

"మా ఫ్రెండ్‌ది 0.73, నాదీ 0.73, రెండూ ఒకలా లేవు"

మెటీరియల్ వేరు. నైలాన్ 0.73 మెత్తగా వంగుతుంది, టార్టెక్స్ 0.73 దానికంటే గట్టిగా నిలబడుతుంది, అల్టెక్స్ అనే ఇంకో ప్లాస్టిక్ ఇంకా గట్టిది, మోత కూడా పదునుగా ఉంటుంది. నైలాన్ నుంచి టార్టెక్స్‌కి మారుతుంటే అంకెలో ఒక మెట్టు కిందికి దిగి చూడండి. అంకె లేని డజను ప్యాకెట్ పిక్కులతో మాత్రం ఎంపిక మొదలుపెట్టకండి. ఒకే ప్యాకెట్‌లోంచి తీసిన రెండు పిక్కులకి వెర్నియర్ (లావు కొలిచే పరికరం) పెడితే రెండు కొలతలు వచ్చిన సందర్భాలు నాకు ఎదురయ్యాయి.

"రెండో పాటకే పిక్ తిరిగిపోతోంది, జారిపోతోంది"

మే నెలలో మా ఊళ్లో ఇది అందరికీ ఉండేదే. నున్నటి సెల్యులాయిడ్ పిక్ చెమటకి సబ్బుముక్క అయిపోతుంది. ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని వాయించండి. అప్పటికీ జారితే, పట్టుకునే చోట గరుకు పోసిన నైలాన్ పిక్ గానీ, పౌడర్ అద్దినట్టుండే టార్టెక్స్ గానీ తీసుకోండి. బిగించి పట్టుకోవడం మాత్రం మందు కాదు. దానివల్ల బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది, పిక్ ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది.

"మొన్నటిదాకా బాగానే ఉంది, ఇప్పుడు గరగరమంటోంది, తీగకి పట్టేస్తోంది, సౌండ్ మూగబోయింది"

అసలు నేను ఇంత రాయడానికి కారణం ఇది. డబ్బూ, ఆరు నెలల సాధనా నేనే పోగొట్టుకున్నాను కాబట్టి వివరంగా చెబుతాను.

నేను చాలాకాలం పసుపు 0.73 వాడాను. ఒక వానాకాలంలో లావు స్ట్రింగ్స్ మీద గీరినట్టు శబ్దం మొదలైంది. ఒక్కరోజులో రాలేదు, వచ్చిందని గుర్తించేసరికే నెల దాటి ఉంటుంది. ముందు స్ట్రింగ్స్ మార్చాను. కొత్త స్ట్రింగ్స్ మెరుపులో రెండు రోజులు బాగుందనిపించింది, మళ్లీ మామూలే. తర్వాత ఒక షాపుకి తీసుకెళ్తే యాక్షన్ (మెడ పైన స్ట్రింగ్స్ ఎత్తు) దించారు, ఫ్రెట్స్ సాఫు చేశారు, డబ్బు తీసుకున్నారు. ఆ పని గిటార్‌కి అవసరమే లేదు.

ఆ తర్వాత పిక్ మార్చాను, కానీ తప్పు పద్ధతిలో. "నా చేయి బరువెక్కింది, నాకు లావు పిక్ కావాలి" అనుకుని ఆకుపచ్చ 0.88 కొన్నాను. అద్భుతంగా ఉంది! గరగర పోయింది, ప్రతి నోటూ విడివిడిగా స్పష్టంగా వచ్చింది. కొన్ని వారాలకి మళ్లీ అదే గరగర. నీలం కొన్నాను, మళ్లీ కొన్నాళ్లు స్వర్గం. తర్వాత ఊదా. ఆ 1.14తో స్ట్రమ్ చేసీ చేసీ మణికట్టు నొప్పి పట్టుకుంది, నా స్ట్రమ్మింగ్ మొత్తం మొరటుగా మారిపోయింది. అయినా "నేను హెవీ పిక్ వాడే మనిషిని" అని గట్టిగా నమ్మేశాను.

ఒకరోజు గిటార్ బ్యాగు అరలో వాడని పసుపు పిక్ ఒకటి దొరికింది. ఊరికే తీసి వాయించాను. పోయిందనుకున్న నా పాత సౌండ్ మొత్తం అందులోనే ఉంది.

పాత పసుపుదాన్నీ కొత్తదాన్నీ టేబుల్ లైటు కింద పక్కపక్కన పెట్టాను. కొత్తదాని మొన కోసుగా ఉంది. పాతదాని మొన అరిగి గుండ్రంగా, మొద్దుబారి ఉంది. అంచు ఏటవాలుగా చెక్కేసినట్టుంది, ఆ చెక్కిన చోట హాక్సా బ్లేడులా సన్న సన్న పళ్లు. పైన ఉండే పౌడర్ గరుకు పోయి గాజులా మెరుస్తోంది. నేను వాడుతున్నది పేరుకే 0.73. ఆ మొన ఏనాడో వేరే పిక్ అయిపోయింది.

జరిగేది ఇదీ. లావు స్ట్రింగ్స్ నున్నటి తీగలు కావు, వాటి మీద సన్న వైరు చుట్టి ఉంటుంది. ఈ, ఏ, డీ స్ట్రింగ్స్, అకౌస్టిక్‌లో మామూలుగా జీ కూడా. అవి ఆకురాయి లాంటివి. ప్రతి స్ట్రోక్‌కీ పిక్‌ని కాస్త రాస్తాయి. దాంతో రెండు జరుగుతాయి. మొన గుండ్రమై మోతలో పదును పోతుంది, దాన్ని మీరు "స్ట్రింగ్స్ పాతబడ్డాయి" అనుకుంటారు. అంచుకి పళ్లు వచ్చి వైరు చుట్టలకి తగులుకుంటాయి, దాన్ని మీరు "యాక్షన్ ఎక్కువుంది" అనో "నా చేయి బాగాలేదు" అనో అనుకుంటారు. మీ గిటార్ సౌండ్ హోల్ చుట్టూ, పిక్ గార్డు మీద పిక్ రంగులోనే సన్నటి పొడి కనిపిస్తుంటుంది చూడండి. దుమ్మనుకుని తుడిచేస్తారు. అది మీ పిక్కే.

ఎంపికకీ దీనికీ ఉన్న లింకు ఇది: అరిగిన పల్చటి పిక్‌ని కొత్త లావు పిక్‌తో పోల్చి చూసుకుంటే ప్రతిసారీ లావుదే గెలుస్తుంది. అక్కడ గెలిచింది కొత్తదనం, దాన్ని మనం లావు అనుకుంటాం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో "0.60 నాకు సరిపోదు సర్, ట్రై చేశాను" అనేవాళ్లని కాస్త తరచి అడిగితే, ట్రై చేసింది ఏడాదిగా జేబులో తాళాలతో పాటు తిరుగుతున్న పిక్ అని తేలుతుంది.

పిక్ అరిగిందని కనిపెట్టడం ఎలా? అర నిమిషం పని. మామూలు పిక్‌కి ఒక మొన, రెండు భుజాలు ఉంటాయి. పిక్‌ని తిప్పి భుజంతో అదే బిట్ వాయించండి. సౌండ్ కాస్త లావుగా, మెత్తగా మారుతుంది, అది సహజం. కానీ గరగర మొత్తం పోయిందంటే దొంగ దొరికినట్టే. రెండో పరీక్ష: బొటనవేలి గోరు అంచు మీద పిక్ అంచుని మెల్లగా లాగండి. నున్నగా జారాలి, టిక్ టిక్ మని తగలకూడదు. మూడోది, అన్నిటికన్నా నమ్మకమైనది: అదే కంపెనీ, అదే లావు, అదే మెటీరియల్ కొత్త పిక్‌తో పక్కపక్కన వాయించి ఫోన్‌లో రికార్డు చేయండి. ఫోన్ కదపకండి, రెండుసార్లూ ఒకే చోట ఉండాలి. వాయించేటప్పుడు వేళ్లకి తెలిసేది చెవిని మోసం చేస్తుంది, రికార్డింగ్ మోసం చేయదు.

బాగుచేయడం సులువే. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ 1000 నంబరుదీ 2000 నంబరుదీ ఒక్కో షీటు తెచ్చుకోండి. 1000తో అంచు పొడవునా, ఒకే దిక్కుగా రాయండి. అడ్డంగా రాస్తే మళ్లీ పళ్లే వస్తాయి. పళ్లు పోయాక 2000తో నున్న చేసి, చివర జీన్స్ ప్యాంటు మీద గట్టిగా రుద్దండి. గోరు పరీక్ష మళ్లీ చేయండి. టార్టెక్స్, సెల్యులాయిడ్, అల్టెక్స్ మూడూ దీనికి లొంగుతాయి. నైలాన్ లొంగదు, రాస్తే అంచున నూగు లేస్తుంది, దాన్ని పారేసి కొత్తది తీసుకోండి. మొన బాగా గుండ్రమైపోయినదాన్ని కూడా పారేయడమే మేలు. లైటర్‌తో అంచు కరిగించి నున్న చేద్దామని మాత్రం చూడకండి. సెల్యులాయిడ్ చురుగ్గా అంటుకుంటుంది, వేళ్లు కాలతాయి.

ఇక అసలు ఎంపిక. 0.60, 0.73, 0.88 ఒకే మెటీరియల్‌లో, మూడూ కొత్తవి, ఒక్కోటి రెండేసి కొనండి. ఒక సెట్టుతో వాయించండి, రెండో సెట్టు చిన్న డబ్బాలో ముట్టుకోకుండా దాచండి. "ఇది కుదరట్లేదు" అనిపించిన రోజున ముందు డబ్బాలోని అదే రంగుది తీసి వాయించి చూడండి. దానితోనూ కుదరకపోతేనే లావు మార్చండి. నాకిది ఎవరైనా అప్పట్లోనే చెప్పి ఉంటే ఊదా రంగు దాకా వెళ్లేవాణ్ణి కాదు. ఇప్పుడు మళ్లీ పసుపే వాడుతున్నాను.

అరుదుగా వచ్చేవి

కొత్త పిక్కే గీరుతోందా? అచ్చులో పోసిన గీత అంచున మిగిలి ఉంటుంది, 2000 నంబరు పేపర్‌తో రెండు రుద్దులు చాలు. స్ట్రింగ్ ఎప్పుడూ బ్రిడ్జి దగ్గరే తెగుతుంటే తప్పు పిక్‌ది కాదు, సాడిల్ (బ్రిడ్జి మీద స్ట్రింగ్స్ ఆనే పట్టీ) మీద పదును ఉంది, అది చూపించుకోండి. "అసలైన తాబేలు చిప్ప పిక్, దీని సౌండే వేరు" అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. ఆ పిక్కులకి వాడేది హాక్స్‌బిల్ అనే సముద్ర తాబేలు చిప్ప. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి పూర్తి రక్షణ ఉంది. టార్టెక్స్ పుట్టిందే దానికి బదులుగా.

చివరిగా ఎడమచేతి వాటం వాళ్ల సంగతి. మా క్లాసులో అందరి పిక్కులూ ఒకే డబ్బాలో ఉండేవి. ఒక పాప ఎడమచేత్తో వాయిస్తుంది. ఏ పిక్ ఇచ్చినా "పట్టేస్తోంది మాస్టారూ" అనేది. గోరు పరీక్షలో అన్నీ నున్నగానే ఉన్నాయి. చాలా రోజులకి తట్టింది: కుడిచేత్తో వాడినవాళ్ల పిక్ ఒక వాలుకి అరుగుతుంది, ఎడమచేతికి కావాల్సిన వాలు అద్దంలో చూసినట్టు సరిగ్గా దానికి ఎదురు. పిక్‌ని వెనక్కి తిప్పి పట్టుకున్నా ఆ వాలు మారదు. ఆ పాపకి వేరే డబ్బా పెట్టి, అందులో నాలుగు కొత్త నారింజ పిక్కులు వేశాను.